తాజా చీజ్‌తో సీఫుడ్ పై

మైదా, వెన్న కలిపి తడిపిన పిండిని పలుచగా వత్తి, అంచున్న గుండ్రటి టిన్నులో పరిచి, అందులో రొయ్యలో పీత మాంసమో ఎముక తీసిన చేపో తాజా చీజ్‌తో, గుడ్లతో కలిపి నింపి ఓవెన్‌లో కాల్చే ఉప్పటి వంటకం సీఫుడ్ పై. కొన్నిచోట్ల దీనికి పిండి మూత ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. తాజా చీజ్ అంటే నెలల తరబడి మాగబెట్టనిది. ఇటలీ రికోటా, గ్రీసు మిజిథ్రా, అమెరికాలో విరివిగా వాడే కాటేజ్ చీజ్, మన పన్నీర్, బెంగాలీల ఛెనా అన్నీ ఈ కోవలోవే. గ్రీకు ఫెటాను కూడా వంటవాళ్లు వీటి సరసనే చేరుస్తారు గానీ, నిబంధనల ప్రకారం దాన్ని కనీసం రెండు నెలలు మాగబెట్టాలి. ఈ వంటకం చుట్టూ చాలాకాలంగా ఒక తగువు నడుస్తోంది. చేపకూ చీజ్‌కూ పొత్తు కుదరదని ఇటలీలో గట్టిగా నమ్ముతారు. చేప తిన్న పూట పాలూ పెరుగూ ముట్టకూడదని తెలుగు ఇళ్లలోనూ చెబుతారు. ఈ మాటలను తేలిగ్గా తీసెయ్యకూడదు, రెంటి వెనుకా పెద్ద చరిత్రే ఉంది. కానీ అభ్యంతరం చెప్పేవాళ్లూ, సమర్థించేవాళ్లూ కూడా చీజ్‌ను రుచి కోసం వేసే దినుసుగానే చూస్తున్నారు. పై లోపల అది చేసే అసలు పని వేరు. సముద్రాహారం వదిలే నీటిని పట్టి ఉంచడానికే తాజా చీజ్ అక్కడ ఉంది. ఈ సంగతి తెలిశాక ఏ చీజ్ వాడాలి, ఏ చేప నప్పుతుంది, ఎంత వేడి పెట్టాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు దాని నుంచే వస్తాయి.

రొయ్య బరువులో మూడు వంతులకు పైగా నీరే. వేడి తగిలితే కండలోని ప్రొటీన్లు బిగుసుకుని ఆ నీటిలో కొంత బయటికి వచ్చేస్తుంది. కూరలో అయితే అది పులుసులో కలిసిపోతుంది, వేపుడులో ఆవిరైపోతుంది. పైలో దానికి దారి లేదు. కిందున్న పిండిలోకి ఇంకి, కరకరలాడాల్సిన పొరను ముద్దగా మార్చేస్తుంది. పిండిలో చేపను పెట్టి కాల్చే ప్రతి ప్రాంతమూ ఈ నీటి సమస్యకు తనదైన ఉపాయం వెతుక్కుంది. ఫిన్లండ్‌లో కుఓపియో ప్రాంతపు కలకుక్కోలో చిన్న చేపలను పంది కొవ్వుతో కలిపి మందపాటి రై పిండిలో మూసి, గంటల తరబడి సన్నని వేడి మీద కాలుస్తారు. ఊరిన రసమంతా ఆ రొట్టే తాగేస్తుంది. రష్యన్ల కులెబ్యాకాలో చేప పొరకూ పిండికీ మధ్య అన్నం వేస్తారు, పలుచని అట్లు కూడా పరుస్తారు. స్పెయిన్‌లోని గలీసియా ఎంపనాదాలో ఉల్లిపాయ, మిరప నూనెలో బాగా మగ్గి చిక్కటి ముద్దయ్యాకే చేపతోనో ఆల్చిప్పలతోనో కలుపుతారు. బ్రిటిష్ ఫిష్ పైలో మైదా, వెన్న, పాలు ఉడికించిన తెల్లటి సాస్ ఆ పని చేస్తుంది, ఉడికించిన బంగాళాదుంప ముద్ద మూతగా నిలుస్తుంది. పోర్చుగీసుల ప్రభావంతో గోవాలో పుట్టిన అపా ద కమరావ్ అనే రొయ్యల పైలో బియ్యం, కొబ్బరి కలిపిన పిండి ఉంటుంది. ఇన్ని వంటకాల్లో చీజ్ లేదు, కానీ చీజ్ చేసే పనిని ఏదో ఒకటి చేస్తూనే ఉంది. రై పిండి, అన్నం, ఉల్లి, తెల్ల సాస్ వరుసలో తాజా చీజ్ కూడా ఒకటి. దాన్ని వింత కలయికగా చూడటానికి ఆధారం ఇక్కడే సన్నగిల్లిపోతుంది.

అయితే అన్ని చీజ్‌లూ ఈ పనికి రావు. పాలు గట్టిపడే దారులు స్థూలంగా రెండు. రెన్నెట్ అనే ఎంజైమ్‌తో విరిస్తే కేసిన్ ప్రొటీన్లు కాల్షియం సాయంతో వలలా అల్లుకుంటాయి. వేడి చేసినప్పుడు ఆ వల సడలి చీజ్ కరుగుతుంది, సాగుతుంది, కొవ్వు నూనెలా పైకి తేలుతుంది. మోజరెల్లా, చెడ్డార్ ఈ తరహావి. ఆమ్లమూ వేడీ కలిసి విరగ్గొడితే జరిగేది వేరు. ఆమ్లం కాల్షియాన్ని కరిగించి తీసుకుపోతుంది, వేడికి తేట ప్రొటీన్లు కూడా గడ్డకట్టి చేరతాయి. ఇలా ఏర్పడ్డ ముద్దను ఎంత వేడి చేసినా కరగదు. పన్నీర్ ముక్క కూరలో ఆకారం చెడకుండా నిలిచేది అందుకే. రికోటా తయారీ ఇంకా విచిత్రమైనది. చీజ్ తీశాక మిగిలిన తేటను 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, అందులోని ప్రొటీన్లను రేకులుగా పైకి తేలనిచ్చి దేవుతారు. పారబోయవలసిన తేట నుంచి పుట్టిన ఈ మెత్తటి పదార్థం తనలో నీటిని పుష్కలంగా నింపుకుని కూడా ముద్దగా నిలవగలదు. గుడ్డుతో కలిపితే కాలేటప్పుడు సన్నటి కస్టర్డ్‌లా గట్టిపడి, రొయ్య వదిలిన రసాన్ని తన గుజ్జులోనే ఉంచుకుంటుంది. మోజరెల్లా వేస్తే ఫలితం తిరగబడుతుంది, అది కరిగి తన నీటినే బయటికి వదులుతుంది. ఒక పైలో రెంటిలో ఒకటే వాడగలమంటే ఎంపిక రికోటాదే కావాలి.

ఇక్కడ ఒక సందేహం న్యాయంగానే వస్తుంది. నీటిని పట్టడమే పనైతే మైదా సాసో అన్నమో చాలు కదా, చీజ్ ఎందుకని. నిజమే, చాలు. కాకపోతే పిండి పదార్థం నీటిని పట్టేటప్పుడు రుచిని కూడా కాస్త మందగింపజేస్తుంది, చీజ్‌కు ఆ లోపం తక్కువ. పాల ప్రొటీన్లు, కొవ్వు సముద్రపు వాసనల్లో ఘాటైనవాటిని కొంత పట్టేస్తాయి. పొగబెట్టిన హాడాక్ చేపను స్కాట్లండ్‌లో పాలలో ఉడికించే అలవాటుకు ఈ గుణం కూడా ఒక కారణం. సముద్రపు చేప నిల్వ ఉన్నకొద్దీ దాని కండలోని ఒక పదార్థాన్ని బాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది, నీచు వాసనలో ముఖ్య భాగం దానిదే. పులుపు తగిలితే ఆ అణువు గాలిలోకి లేవడం తగ్గుతుంది. చేప మీద నిమ్మకాయ పిండటంలోనూ, చింతపండు పులుసులో వండటంలోనూ ఉన్న సూత్రం ఇదే. తాజా చీజ్‌లోని స్వల్పమైన పులుపు కూడా అదే దిశలో పనిచేస్తుంది. అయినా పాతబడ్డ చేపను చీజ్‌తో కప్పిపుచ్చవచ్చని ఎవరూ అనుకోకూడదు. పై లోపల మూసుకుపోయిన ఆవిరిలో చెడువాసన మరింత తెలుస్తుంది.

చేపల ఎంపికలో కొవ్వు ఎంతన్నది ప్రధానం. కాడ్, పండుగప్ప వంటి తెల్ల కండ చేపలు, రొయ్య, పీత చీజ్‌తో చక్కగా ఒదుగుతాయి. వాటిలో కొవ్వు తక్కువ, తీపి ఎక్కువ. రొయ్య, పీత మాంసాల తీపికి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పెద్ద కారణం, రికోటాలోని పాల తీపి దాని పక్కన పోటీ పడకుండా నిలుస్తుంది. కానాగంత, కవ్వల వంటి నూనె చేపల సంగతి వేరు. వాటి కొవ్వు పాల కొవ్వుతో కలిసి నోటికి బరువవుతుంది, పులుసే వాటికి తగిన చోటు. ఆల్చిప్పలను ముందుగా ఆవిరి మీద తెరిపించి, వదిలిన నీటిని వడగట్టి పక్కన మరిగించి చిక్కబరచాలి. ఆ రసాన్ని రెండు చెంచాలు చీజ్‌లో కలిపితే ఉప్పు వేరే వేయనక్కర్లేదు. స్క్విడ్ అయితే రెండు నిమిషాలు ఉడకాలి, లేకపోతే ముప్పావు గంటకు పైగా ఉడకాలి. మధ్యలో ఆపితే రబ్బరులా సాగుతుంది. పైలో ఉండే సమయం సరిగ్గా ఆ చెడ్డ మధ్యకాలమే కాబట్టి, స్క్విడ్‌ను ముందే మెత్తగా ఉడికించి కలపడం మేలు.

తయారీలో మొదటి పని చీజ్‌ను వడగట్టడం. రికోటాను పలుచని గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వేలాడదీస్తే వదులుగా ఉన్న నీరు జారిపోతుంది, అప్పుడే దానికి కొత్త నీటిని తీసుకునే చోటు ఏర్పడుతుంది. 23 సెంటీమీటర్ల టిన్నుకు 250 గ్రాముల మైదా, 125 గ్రాముల చల్లటి వెన్న, తడపడానికి కాసిన్ని ఐసు నీళ్లు సరిపోతాయి. వెన్న కరగకుండా వేళ్ల కొసలతో పిండిలో నలిపి, ఎక్కువ మర్దించకుండా ముద్ద చేసి, అరగంట చల్లగా ఉంచాలి. మర్దిస్తే గ్లూటెన్ బలపడి పిండి కాలేటప్పుడు ముడుచుకుపోతుంది. వత్తి పరిచిన పిండి మీద కాగితం వేసి, దాని మీద ఎండు శనగలో బియ్యమో బరువుగా పోసి, 190 డిగ్రీల వద్ద పావుగంట, బరువు తీసి మరో ఏడెనిమిది నిమిషాలు ఉత్తినే కాల్చాలి. ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు. పచ్చి పిండిలో తడి మిశ్రమం పోస్తే అడుగు భాగంలోని పిండిపదార్థం ఉడుకుతుందే తప్ప కాలదు. సగం కాలిన అడుగు మీద గుడ్డు తెల్లసొన పూసి రెండు నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే అది పొరలా గట్టిపడి తడిని కొంత ఆపుతుంది. టిన్నును ముందే వేడెక్కిన ఇనుప పళ్లెం మీద పెట్టడం కూడా కిందినుంచి వేడి బలంగా అందడానికే.

లోపలి మిశ్రమానికి ఒలిచిన రొయ్యలు, పీత మాంసం కలిపి 400 గ్రాములు, వడగట్టిన రికోటా 300 గ్రాములు, రెండు గుడ్లు, వెన్నలో మగ్గిన ఒక ఉల్లిపాయ, నిమ్మ తొక్క తురుము, మిరియాలు, సోపు కూర ఆకు ఉంటే అది, లేకపోతే కొత్తిమీర. రొయ్యలను వేడి పెనం మీద ఒక నిమిషం తిప్పి, వదిలిన నీటిని వేరు చేసి, చల్లారాక కలపాలి. పూర్తిగా ఉడికిన రొయ్య మళ్లీ అరగంట ఓవెన్‌లో ఉంటే పీచు కట్టేస్తుంది, పచ్చిది వేస్తే నీరంతా లోపలే వదులుతుంది. ఒక నిమిషం అనేది ఈ రెండింటి మధ్య దొరికిన రాజీ. నింపాక 180 డిగ్రీల వద్ద 35 నుంచి 40 నిమిషాలు కాల్చితే అంచులు గట్టిపడి నడుమ మాత్రం కొద్దిగా ఊగుతుంది, దించవలసింది అప్పుడే. చేపకు 63 డిగ్రీలు, గుడ్డు కలిసిన మిశ్రమానికి 71 డిగ్రీలు భద్రమైన లోపలి వేడి అని అమెరికా వ్యవసాయ శాఖ సూచన. నడుమ 75 దాటితే రెంటికీ సరిపోతుంది. 85 దాటితే గుడ్డు ప్రొటీన్లు బిగిసి, ఇంతసేపూ పట్టిన నీటిని తిరిగి వదిలేస్తాయి. మూత వేసిన పై అయితే నడుమ రంధ్రం చేయడం తప్పనిసరి. దించాక పావుగంట ఆగకుండా కోస్తే రసం పళ్లెంలోకి పారుతుంది, చల్లారేకొద్దీ కస్టర్డ్ ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి ఆగడం కూడా వంటలో భాగమే.

ఇటలీ అభ్యంతరానికి వద్దాం. దాని వయసు చాలా ఎక్కువ. క్రీ.పూ. 4వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని గెలా నగరానికి చెందిన కవి ఆర్కెస్ట్రాటస్, సిరక్యూస్ వంటవాళ్లు మంచి చేపల మీద చీజ్ వేసి పాడుచేస్తారని మండిపడ్డాడు. ఆ సిరక్యూస్‌వాడే, అంతకు ముందరి శతాబ్దపు వంటవాడు మిథెకస్ రాసినదిగా మిగిలిన ఒకే ఒక్క వంట విధానంలో చేపకు చీజ్, నూనె చేర్చమని ఉంది. రచయిత పేరుతో సహా మనకు దక్కిన అతి పాత వంట విధానం అదేనని చరిత్రకారులు చెబుతారు. అంటే చీజ్‌తో చేప వండటం, దాన్ని తప్పుపట్టడం రెండూ దాదాపు ఒకే కాలంలో, ఒకే ద్వీపంలో మొదలైనట్టు కనిపిస్తాయి. ఆర్కెస్ట్రాటస్‌ను పూర్తిగా చదివినవాళ్లకు మరో విషయం తెలుస్తుంది. కొవ్వులేని టెంకు చేపను చీజ్‌తో తినమని, కొవ్వు తక్కువున్న ఇతర చేపలకూ అదే పద్ధతి మంచిదని ఆయనే సిఫారసు చేశాడు. ఆయన పట్టుపట్టింది నాణ్యమైన చేప రుచిని దాచవద్దన్న దాని గురించే. నిషేధాన్ని సమర్థించడానికి ఆయన పేరు వాడేవాళ్లు ఈ సగాన్ని వదిలేస్తున్నారు.

చేపనూ చీజ్‌నూ వేరు చేయడంలో క్రైస్తవ ఉపవాస నియమాల పాత్ర కూడా గట్టిది. మధ్యయుగాల పశ్చిమ ఐరోపాలో ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో మాంసంతో పాటు పాలు, వెన్న, చీజ్, గుడ్లు నిషిద్ధం, చేపకు మాత్రం అనుమతి. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు కూర్చిన ఫోర్మ్ ఆఫ్ క్యూరీ అనే గ్రంథంలో దీనికి చక్కని సాక్ష్యముంది. ఈస్టరు ఉపవాసానికి చెప్పిన టార్ట్‌లో సాల్మన్, కాడ్ చేపలు ఎండు పండ్లతో కలుస్తాయి, చీజ్ లేదు. ఇతర ఉపవాస దినాలకు చెప్పిన మరో టార్ట్‌లో చీజ్, గుడ్లు, ఉల్లి ఉంటాయి, చేప లేదు. ఒకే వంటశాల ఇలా రెంటినీ వేరువేరుగా ఉంచిందంటే రుచి కారణమని చెప్పలేం, పంచాంగం కారణమని చెప్పవచ్చు. ఆ నియమం జనానికి ఎంత భారమైందంటే, ఉపవాసంలో వెన్న తినే అనుమతికి కట్టిన సొమ్ముతోనే ఫ్రాన్స్‌లో రూఅన్ చర్చి గోపురం ఒకటి లేచిందని ప్రతీతి. 1485లో మొదలైన ఆ కట్టడానికి వెన్న గోపురమనే పేరు నిలిచిపోయింది. తూర్పు క్రైస్తవుల్లో ఉపవాసానికి ముందు వారం మాంసం మానేసి చీజ్, గుడ్లు, చేప తింటారు. అక్కడ పంచాంగమే రెంటినీ ఒకే బల్ల మీదికి తెచ్చింది. నియమాలు సడలిన తర్వాత కూడా అలవాటు మిగిలిపోవడం, తర్వాతి తరాలు దానికి రుచి కారణాలు చెప్పుకోవడం నమ్మదగిన వివరణ.

అలాగని ఇటాలియన్ల మాటలో రుచికి సంబంధించిన నిజం అసలు లేదనడం అన్యాయం. బాగా మాగిన పర్మిజానో లాంటి చీజ్ వాసన ఘాటు, ఉప్పు ఎక్కువ. సున్నితమైన చేప దాని కింద అణగిపోతుంది. కానీ ఇటలీలోనే మినహాయింపులు బలంగా ఉన్నాయి. విచెంజాలో ఎండు కాడ్ చేపను పాలు, ఉల్లి, సార్డీన్లతో గంటలకొద్దీ ఉడికించే వంటకంలో తురిమిన గ్రానా చీజ్ కలుపుతారు. 1987లో ఆ వంటకం కోసం ఏర్పడ్డ సంఘం అంగీకరించిన పాఠంలోనూ చీజ్ ఉంది. బారి తీరంలో బియ్యం, బంగాళాదుంప, ఆల్చిప్పలు పొరలుగా పేర్చి కాల్చే తియెల్లాలో పెకొరీనో తప్పదు. ఈ రెండింటికీ ఆధునిక రసాయన శాస్త్రం కారణం చూపుతుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా గ్లూటమేట్ రుచిని గుర్తించాడు, 1913లో షింతారో కొదామా ఎండు చేపలో ఇనోసినేట్‌ను కనుగొన్నాడు. ఈ రెండూ కలిసినప్పుడు రుచి కేవలం కూడికలా కాక ఎన్నో రెట్లు పెరుగుతుందని తర్వాతి పరిశోధన తేల్చింది. మాగిన చీజ్‌లో మొదటిది పుష్కలం, చేపలో రెండోది. కాబట్టి గట్టి చేపకు గట్టి చీజ్ కొద్దిగా వేయడం సబబే. సీఫుడ్ పైకి ఆ తర్కం కూడా అవసరం లేదు. రికోటాలో ఘాటు లేదు, దాచడానికి బలమూ లేదు, అభ్యంతరం మొత్తం వేరే చీజ్ గురించినది.

తెలుగువారి అభ్యంతరం ఇంకో దారిలో వచ్చింది. చరకసంహిత పాలను, చేపను విరుద్ధాహారంగా చెప్పింది. రెండూ తీపి గుణం కలవే అయినా ఒకటి శీతం, మరొకటి ఉష్ణం కాబట్టి రక్తం దూషితమవుతుందని దాని వాదం. ఆ మాట ఇళ్లలోకి వచ్చేసరికి బొల్లి వస్తుందన్న భయంగా మారింది. బొల్లి రోగనిరోధక వ్యవస్థ రంగు కణాలను దెబ్బతీయడం వల్ల వచ్చేదని నేటి వైద్యం చెబుతుంది, చేప, పాలు కలిపి తినడం దానికి కారణమనడానికి ఆధారం లేదు. బెంగాల్లో దోయ్ మాఛ్ పేరిట చేపను పెరుగులోనే వండుతారు. యూదుల్లోనూ ఇలాంటి చర్చే జరిగింది. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో చేపనూ పాలనూ కలపడం ప్రమాదమని రాస్తే, తర్వాతి పండితుల్లో పలువురు అది రాత పొరపాటని, చేప, మాంసం అని ఉండాలని వాదించారు. ఈనాడు పొగబెట్టిన సాల్మన్‌కు క్రీమ్ చీజ్ తోడుగా తినడం అష్కెనజీ యూదుల గుర్తింపు వంటల్లో ఒకటి. అయితే చేప, పాలు కలిపి తిన్నాక మన పెద్దలు చర్మం మీద దద్దుర్లు చూసి ఉంటే అది ఊహ కాకపోవచ్చు. రొయ్య, పీతల్లోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్‌కూ, పాల ప్రొటీన్లకూ ఎలర్జీ సాధారణమే. నిల్వ సరిగాలేని కానాగంత, ట్యూనా చేపల్లో హిస్టమిన్ పేరుకుని ఒళ్లు ఎర్రబడుతుంది. ఈ వంటకంలో రొయ్య, పాలు, గుడ్డు, గోధుమ నాలుగూ ఎలర్జీ కలిగించేవే కాబట్టి వడ్డించేవారు ముందే చెప్పడం బాధ్యత.

తెలుగు తీరానికి ఈ వంటకంతో నిజమైన బంధం ముడిసరుకు దగ్గర ఉంది. సాగు రొయ్యల్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా చెరువులు విస్తరించాయి, అక్కడి రొయ్య అమెరికా వంటిళ్లలో ఇలాంటి పైలలోకి చేరుతూనే ఉంది. ఓవెన్ ఉన్న ఇంట్లో ఇక్కడే కాల్చుకోవాలంటే రికోటాకు బదులు అంగడి పన్నీర్ నేరుగా వాడటం పొరపాటు. దాన్ని బరువు కింద నొక్కి నీరు తీసేస్తారు, గింజలు గింజలుగా మిగిలి కస్టర్డ్‌తో కలవదు. పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వేసి, నొక్కకుండా ఒక గంట వేలాడదీస్తే దొరికే మెత్తటి ఛెనా రికోటాకు దగ్గరగా ఉంటుంది. అందులో రెండు చెంచాల మీగడ కలిపి చేత్తో మెదిపితే నునుపు వస్తుంది. పులుపు పోవడానికి ఒకసారి చన్నీళ్లలో జాడించడం రసగుల్లాకు మంచిదే గానీ ఇక్కడ వద్దు, రొయ్యకు ఆ కాస్త పులుపు కావాలి. మిగిలిన పైని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో ముగించి, వేడి చేయాల్సి వస్తే మైక్రోవేవ్‌లో కాక 160 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచితే అడుగు పిండి మళ్లీ ఎండుతుంది.